చిన్న మైదానం నుంచి లక్షమంది ముందుకు...

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు, చేత్తో విసిరే ఆట. ఆ బంతి విసిరేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. హైస్కూల్లో మంచి క్వార్టర్‌బ్యాక్ ఒకడు కనిపించాడంటే చాలు, కాలేజీలు వాళ్లింటి ముందు బారులు తీరతాయి. అలా దేశంలోని పేరున్న కాలేజీలన్నీ వెంటపడిన కుర్రాడు ఆర్చ్ మానింగ్. అతను పెరిగిన ఊరు న్యూ ఆర్లిన్స్. ఎంచుకున్న ఊరు ఆస్టిన్. ఈ రెండు ఊళ్లూ చుట్టొస్తే ఆటే కాదు, ఓ ఇంటి కథ కూడా తెలుస్తుంది.

న్యూ ఆర్లిన్స్‌లో అడుగుపెట్టినవాళ్లెవరైనా ముందు ఫ్రెంచ్ క్వార్టర్‌కి పరుగెడతారు. వీధి మలుపుల్లో జాజ్ సంగీతం, లతలు అల్లుకున్న ఇనుప బాల్కనీలు, 1862 నుంచీ నడుస్తున్న కఫే దు మోండ్‌లో పంచదార పొడి దట్టంగా చల్లిన వేడి వేడి బెన్యేలు... అన్నీ అక్కడే. మనం మాత్రం ఆ సందడి వదిలేసి కెనాల్ స్ట్రీట్ దగ్గర స్ట్రీట్‌కార్ ఎక్కుదాం. మనం ట్రామ్ అనే బండినే అక్కడివాళ్లు స్ట్రీట్‌కార్ అంటారు. సెయింట్ చార్లెస్ అవెన్యూ మీద ఈ లైను 1835లో మొదలైంది. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న స్ట్రీట్‌కార్ లైన్లలో ఇదే పాతదని పేరు. ముదురాకుపచ్చ రంగు పెట్టె, చెక్క సీట్లు, తెరిచి పెట్టుకునే కిటికీలు. గంట కొట్టుకుంటూ తీరిగ్గా సాగుతుంది.

దారి పొడవునా ఓక్ చెట్లు. మన మర్రిచెట్లలా అడ్డంగా చేతులు చాచి రోడ్డు మీద పందిరి వేసినట్టుంటాయి. వాటి కొమ్మలకి రంగురంగుల పూసల దండలు వేలాడుతూ కనిపిస్తాయి. ఏటా జరిగే మార్డీగ్రా పండగ ఊరేగింపుల్లో శకటాల మీంచి జనంలోకి విసిరినవన్నమాట. కొన్ని చెట్లకి చిక్కుకుని ఎండకీ వానకీ అలాగే ఉండిపోతాయి. కాసేపటికి గార్డెన్ డిస్ట్రిక్ట్ వస్తుంది. తెల్లటి స్తంభాల ఇళ్లు, ఇనుప కంచెలు, పూల తోటలు. మానింగ్‌ల కుటుంబం స్థిరపడింది ఈ పేటలోనే. ఇంకాస్త ముందుకెళ్లి జెఫర్సన్ అవెన్యూ దగ్గర దిగి నడిస్తే వస్తుంది... ఇసిడోర్ న్యూమన్ స్కూల్.

అనాథల కోసం మొదలై...

ఇసిడోర్ న్యూమన్ అనే దాత 1903లో ఈ బడి పెట్టించాడు. యూదుల అనాథాశ్రమంలోని పిల్లలకి చదువుతోపాటు చేతిపని కూడా నేర్పాలన్నది ఆయన ఆలోచన. బయటి పిల్లల్నీ చేర్చుకోవడంతో పోనుపోనూ నగరంలో పేరున్న ప్రైవేటు బడి అయింది. స్టీవ్ జాబ్స్ జీవితచరిత్ర రాసిన వాల్టర్ ఐజాక్‌సన్ ఇక్కడే చదువుకున్నాడు. 'మనీబాల్' రచయిత మైకేల్ లూయిస్ కూడా ఈ బడి పిల్లాడే. ఇదే లూయిస్ ఫుట్‌బాల్ మీద 'ద బ్లైండ్ సైడ్' రాశాడు. అది సినిమాగానూ వచ్చింది.

అయితే ఇది ఆటలకోసం పుట్టిన బడి కాదు. టెక్సస్, జార్జియాల్లో కొన్ని హైస్కూళ్లకి వేలమంది పట్టే స్టేడియాలుంటాయి. న్యూమన్ మైదానం అలా ఉండదు. చుట్టూ ఇళ్లున్న వీధుల మధ్య ఓ చిన్న పచ్చిక. శుక్రవారం సాయంత్రం ఆటకి అమ్మానాన్నలూ, తాతయ్యలూ, పాత విద్యార్థులూ వచ్చి కూర్చుంటారు. ఆ వరసల్లోనే ఓ తాతయ్యని చూసి జనం గుసగుసలాడుకునేవారు. ఆయనే ఆర్చీ మానింగ్. మనవడు ఆర్చ్‌కి పేరు వచ్చింది ఆయన నుంచే.

తలకి సంచి తగిలించుకుని...

ఆర్చీ పుట్టింది మిసిసిపి రాష్ట్రంలోని డ్రూ అనే చిన్న ఊళ్లో, 1949లో. మిసిసిపి యూనివర్సిటీకి ఆడి ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, ఆ క్యాంపస్‌లో వాహనాల వేగపరిమితి గంటకి 18 మైళ్లు. ఎందుకంటే ఆయన చొక్కా మీద అంకె 18!

1971లో ఆయన్ని న్యూ ఆర్లిన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు తీసుకుంది. ఇక అక్కణ్నుంచీ కష్టాలే. జట్టు బలహీనం. ఆర్చీ ఎంత బాగా ఆడినా ఆయన ఉన్నన్నాళ్లూ ఆ జట్టు ఒక్క సీజన్లోనూ ఓటములకన్నా ఎక్కువ గెలుపులు చూడలేదు. 1980లో అయితే మరీ ఘోరం. పదహారు ఆటల్లో పదిహేను ఓడిపోయింది. సొంతూరి అభిమానులే సిగ్గుపడి తలలకి కాగితపు సంచులు తగిలించుకుని సూపర్‌డోమ్ స్టేడియానికి వచ్చేవారు. నాన్న మైదానంలో ఉంటే చుట్టూ జనం ఈలలేసి గోల చేయడం... ఆ ఇంటి పిల్లలు పెరిగింది ఆ శబ్దం వింటూనే.

ఆ పిల్లలు ముగ్గురు. కూపర్, పేటన్, ఈలై. ముగ్గురూ న్యూమన్ బళ్లోనే చదివారు. పెద్దవాడు కూపర్ పరుగెత్తి బంతి అందుకునేవాడు. రెండోవాడు పేటన్ విసిరేవాడు. అన్న చొక్కా అంకె 18. నాన్న చదివిన కాలేజీకే తనూ ఆడాలని కూపర్ చేరాడు. సరిగ్గా అప్పుడే, పద్దెనిమిదేళ్ల వయసులో, వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. వెన్నెముకలో నరాల దారి ఇరుకుగా ఉందనీ, ఇక ఆట ఆడితే ప్రమాదమనీ డాక్టర్లు తేల్చారు. శస్త్రచికిత్స జరిగింది. కాలేజీలో ఒక్క ఆట కూడా ఆడకుండానే కూపర్ ఆట ముగిసింది.

అప్పుడు కూపర్ తమ్ముడికి ఓ ఉత్తరం రాశాడు. ఇక నా కలని నీ ఆటలో చూసుకుంటానన్నది దాని సారాంశం. పేటన్ అన్న అంకె 18 వేసుకున్నాడు. ప్రొఫెషనల్ ఆటలోనూ చివరిదాకా దాన్నే వేసుకుని, రెండు వేర్వేరు జట్లతో రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు. చిన్నవాడు ఈలై కూడా న్యూయార్క్ జెయింట్స్‌తో రెండు గెలిచాడు. ఆ కూపర్ కొడుకే ఆర్చ్. అంటే తాతా, బాబాయిలిద్దరూ దేశమంతా తెలిసిన క్వార్టర్‌బ్యాక్‌లు. నాన్న... ఆడలేకపోయినవాడు. ఆర్చ్ కథలో అందరూ తాతనీ బాబాయిల్నీ తల్చుకుంటారు గానీ, అసలు పాత్ర ఈ నాన్నదే.

వెంటపడ్డ కాలేజీలు

ఆర్చ్ పుట్టింది 2004 ఏప్రిల్‌లో. మరుసటి ఏడాది ఆగస్టులోనే కత్రినా తుపాను వచ్చి నగరంలో ఎనభై శాతం మునిగిపోయింది. తాత ఆడిన సూపర్‌డోమే వేలమందికి తలదాచుకునే చోటయింది. ఆ దెబ్బ నుంచి ఊరు మెల్లగా లేచి నిలబడుతున్న రోజుల్లో ఆర్చ్ పెరిగాడు.

2019లో తొమ్మిదో తరగతిలోనే న్యూమన్ జట్టుకి ప్రధాన క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. బాబాయిలకి కూడా ఆ వయసులో ఆ అవకాశం రాలేదు. ఇంకేముంది! హైస్కూల్ ఆటగాళ్లకి నక్షత్రాలు వేసి ర్యాంకులిచ్చే సంస్థలు అమెరికాలో ఉన్నాయి. ఐదు నక్షత్రాలంటే అన్నిటికన్నా పైమెట్టు. ఆర్చ్‌కి ఐదూ వచ్చాయి. 2023లో కాలేజీకి వెళ్లబోయే పిల్లల్లో అతనే మొదటివాడని రాశారు. జార్జియా, అలబామా, టెక్సస్, తాత చదివిన మిసిసిపి, సొంత రాష్ట్రంలోని లూయిజియానా స్టేట్... అందరికీ అతనే కావాలి. 2022 జనవరిలో కాలేజీ కోచ్‌లు అతను సరదాగా ఆడే బాస్కెట్‌బాల్ ఆటకి కూడా వచ్చి కూర్చున్నారు. లక్షల డాలర్ల జీతాలు తీసుకునే పెద్దమనుషులు, పదిహేడేళ్ల కుర్రాడి కంట్లో పడటం కోసం!

ఈ హడావిడిలో చాలామంది పిల్లలు తప్పిపోతారు. రోజూ ఇంటర్వ్యూలు, సోషల్ మీడియాలో ఫొటోలు, ఫోన్లో ఆగని మెసేజ్‌లు. మానింగ్‌లు అక్కడే జాగ్రత్తపడ్డారు. కోచ్‌లు ఎవరైనా ముందు నాన్న కూపర్‌తోనో, న్యూమన్ కోచ్ నెల్సన్ స్టీవర్ట్‌తోనో మాట్లాడాలి. ఈ స్టీవర్ట్ ఒకప్పుడు అదే బళ్లో పేటన్‌తో కలిసి ఆడినవాడు. పిల్లాడికి ఇంటర్వ్యూలు దాదాపు లేవు. బయటివాళ్లకి కనిపించే పోస్టులూ లేవు. బడి, ఆట, స్నేహితులు... అంతే. చివరి ఏడాది స్కూలు రికార్డుల్లో బాబాయిలిద్దర్నీ దాటేశాడు. రాష్ట్ర ఛాంపియన్‌షిప్ మాత్రం గెలవలేకపోయాడు. అదీ మంచికేనేమో. ఒక్కడి వల్లే గెలుపు రాదన్న సంగతి చిన్న మైదానంలోనే తెలిసొచ్చింది.

2022 జూన్‌లో జార్జియా, అలబామా, టెక్సస్ క్యాంపస్‌లకి వెళ్లి చూసొచ్చాడు. జూన్ 23న ట్విటర్‌లో ఓ చిన్న వాక్యం... టెక్సస్‌కి వెళ్తున్నానని. తాత, నాన్న, చిన్న బాబాయి చదివిన మిసిసిపి కాదు. పెద్ద బాబాయి ఆడిన టెనెసీ కాదు. అప్పటికి ఛాంపియన్‌లుగా వెలుగుతున్న జార్జియా, అలబామాలూ కాదు. అంతకుముందు సీజన్లో పన్నెండు ఆటల్లో ఏడు ఓడిపోయిన టెక్సస్! ఎవరి నీడా పడని చోటు చూసుకున్నాడని చాలామంది అనుకున్నారు.

చిత్తడి దాటి... సున్నపురాయి నేలకి

న్యూ ఆర్లిన్స్ నుంచి ఆస్టిన్‌కి కారులో సుమారు 820 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్తే ఎనిమిది గంటల దారి. పది నంబరు ఇంటర్‌స్టేట్ ఎక్కి పడమరకి పోవాలి. బాటన్ రూజ్ దాటగానే అట్చఫలాయ చిత్తడి నేలలు. రోడ్డు కాస్తా వంతెనగా మారి దాదాపు 29 కిలోమీటర్లు నీళ్ల మీదే సాగుతుంది. కింద సైప్రస్ చెట్లు, మొసళ్లుండే నీళ్లు. లేక్ చార్లెస్ దాటాక టెక్సస్ సరిహద్దు. అక్కణ్నుంచి బోమాంట్, హ్యూస్టన్.

హ్యూస్టన్ దాటుతుండగా కేటీ అనే ఊరు తగుల్తుంది. మన తెలుగువాళ్లు కూడా బాగానే స్థిరపడ్డ చోటు. అక్కడ హైస్కూలు పిల్లల కోసం కట్టిన ఫుట్‌బాల్ స్టేడియం చూస్తే నోరు తెరవాల్సిందే. 2017లో తెరిచిన ఆ లెగసీ స్టేడియంలో 12 వేలమంది కూర్చోవచ్చు. ఖర్చు దాదాపు ఏడు కోట్ల డాలర్లు. బడిపిల్లల ఆటకి ఇంత డబ్బా అని మనకి అనిపిస్తుంది. టెక్సస్‌లో అది మామూలే. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఆట, శనివారం కాలేజీ ఆట, ఆదివారం ప్రొఫెషనల్ ఆట. వారాంతమంతా దానికే రాసిచ్చేశారు.

హ్యూస్టన్ వదిలాక పల్లపు నేల మెల్లగా మెట్టలుగా మారుతుంది. కొలరాడో నది ఒడ్డున ఆస్టిన్ కనిపిస్తుంది. ఇది అరిజోనాలోని పెద్ద కొలరాడో కాదు, టెక్సస్‌లోనే పుట్టి టెక్సస్‌లోనే సముద్రంలో కలిసే వేరే నది. ఆస్టిన్ రాష్ట్ర రాజధాని. జనాభా పది లక్షలకి దగ్గర్లో. ఎండాకాలం సాయంత్రం కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింది నుంచి లక్షలాది గబ్బిలాలు ఒక్కసారిగా ఎగురుతాయి. దాన్ని చూడటానికి జనం చాపలు పరుచుకుని ఒడ్డున కూర్చుంటారు. గంటల తరబడి నిప్పు సెగ మీద కాల్చిన మాంసం కోసం తెల్లారకముందే బారులు తీరతారు.

నారింజ రంగు శనివారం

1883లో మొదలైన టెక్సస్ యూనివర్సిటీ ఊరి నడిబొడ్డున ఉంటుంది. విద్యార్థులు యాభై వేలమందికి పైమాటే. మధ్యలో 307 అడుగుల టవర్. ముఖ్యమైన గెలుపులు వచ్చిన రాత్రి దానికి నారింజ దీపాలు వెలిగిస్తారు. దూరంనుంచే చూసి ఊరంతా తెలుసుకుంటుంది, మనవాళ్లు గెలిచారని. ఈ యూనివర్సిటీతో మనకీ ఓ చుట్టరికం ఉంది. కవి అఫ్సర్ కొన్నాళ్లు ఇక్కడ తెలుగు బోధించారు. చుట్టుపక్కల డెల్, శాంసంగ్, యాపిల్ వంటి కంపెనీల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన మన పిల్లలకి మొదటి శనివారం పెద్ద వింత. ఊరంతా ఒకటే రంగు... ముదురు నారింజ. చొక్కాలు, టోపీలు, కుక్కపిల్లల మెడ పట్టీలు కూడా!

ఆట రాత్రి ఏడింటికైనా సరే, పొద్దున్నే స్టేడియం చుట్టూ కార్లు ఆపి డిక్కీలు తెరిచి పొయ్యిలు వెలిగిస్తారు. మాంసం కాలుస్తూ, మక్కపొత్తులు వేయిస్తూ సాయంత్రం దాకా అక్కడే. తెలిసినా తెలియకపోయినా వచ్చినవాళ్లకి ఓ ప్లేటు అందిస్తారు. ఎవరు ఎదురైనా చూపుడు వేలూ చిటికెన వేలూ పైకెత్తి పలకరింపు. అది పెద్ద కొమ్ముల ఎద్దు గుర్తు. జట్టు పేరే లాంగ్‌హార్న్స్, అంటే పొడుగు కొమ్ములవి. నిజం ఎద్దు కూడా ఉంటుంది. దాని పేరు బీవో. మైదానం అంచున తాడు కట్టి నిలబెడతారు. ఆటంతా తాపీగా నెమరేసుకుంటూ చూస్తుంది.

డారెల్ కె రాయల్ టెక్సస్ మెమోరియల్ స్టేడియంలో 1,00,119 మంది పడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన టెక్సస్ వాళ్ల జ్ఞాపకంగా 1924లో కట్టించారు. జెఫర్సన్ అవెన్యూ పక్కన ఇళ్ల మధ్య ఆడిన కుర్రాడు 2023 జనవరిలో వచ్చి చేరింది ఈ చోటికి.

బెంచి మీద రెండేళ్లు

వచ్చాడు సరే, ఆడించారా అంటే... లేదు! అతనికి ముందు క్విన్ ఎవర్స్ ఉన్నాడు. అతనిది ఇంకో రకం కథ. డల్లాస్ దగ్గరి సౌత్‌లేక్ హైస్కూల్లో ఆడిన ఎవర్స్ కూడా ఐదు నక్షత్రాలవాడే. ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనలతో సంపాదించుకోవచ్చని 2021 జులై నుంచి కాలేజీ ఆటల్లో అనుమతిచ్చారు. టెక్సస్ హైస్కూళ్లలో మాత్రం అది కుదరదు. దాంతో ఎవర్స్ చివరి ఏడాది బడి వదిలేసి, త్వరగా చదువు ముగించుకుని ఒహాయో స్టేట్‌కి వెళ్లిపోయాడు. అక్కడ అవకాశాలు రాక మళ్లీ టెక్సస్‌కి వచ్చాడు. ఒకడు ఏడాది ముందే బయల్దేరినవాడు, ఇంకొకడు బళ్లో చివరి సీజన్‌దాకా ఆడినవాడు. ఇద్దరూ ఒకే గదిలో చేరారు.

మొదటి సీజన్ దాదాపు మొత్తం ఆర్చ్ బెంచి మీదే. నవంబర్ చివర్లో టెక్సస్ టెక్ మీద ఆట ఎప్పుడో తేలిపోయాక కాసేపు దించారు. ఆ సీజన్ చివర 2024 జనవరి 1న జట్టు పెద్ద ఆట ఆడింది ఎక్కడో తెలుసా? న్యూ ఆర్లిన్స్ సూపర్‌డోమ్‌లో! తాత పేరు మోగిన చోట, సొంతూళ్లో, మనవడు గీత అవతల నిలబడి చూశాడు. టెక్సస్ 37-31తో వాషింగ్టన్ చేతిలో ఓడింది.

ఈ రోజుల్లో ఇలా ఆగేవాళ్లు తక్కువ. నచ్చకపోతే ఇంకో కాలేజీకి మారిపోవడం బాగా తేలికైంది. ఏటా వేలమంది మారుతుంటారు. ఆర్చ్ పేరుకి ఎక్కడైనా తలుపు తెరిచేవారు. అయినా కదల్లేదు. 2023లో అతను సంతకం చేసిన ఒకే ఒక్క కార్డు వేలంలో 1,02,500 డాలర్లు పలికింది. ఆ డబ్బంతా సేవా కార్యక్రమాలకి ఇచ్చాడు. తర్వాత ఉబర్, రెడ్ బుల్ వంటి కంపెనీల ప్రకటనలు వచ్చాయి. డబ్బుకి కొదవ లేని ఇల్లు కాబట్టి ఆగగలిగాడని అనేవాళ్లున్నారు. నిజమే. ఎవర్స్ వెళ్లిన దారిలో వెళ్లే ప్రతి పిల్లాడినీ తప్పు పట్టలేం. ఇంటి అప్పు తీరేది ఆ సంతకంతోనే అయితే ఆగమని ఎవరు చెప్పగలరు?

2024 సెప్టెంబర్‌లో ఎవర్స్‌కి దెబ్బ తగిలితే ఆర్చ్‌ని దించారు. ప్రత్యర్థి టెక్సస్ శాన్ ఆంటోనియో. నాలుగు టచ్‌డౌన్‌లు విసిరాడు. ఒకసారి తనే బంతి పట్టుకుని 67 గజాలు పరుగెత్తాడు. స్టేడియం ఊగిపోయింది. కానీ ఎవర్స్ కోలుకున్నాక మళ్లీ బెంచికే. మళ్లీ మాట్లాడకుండా కూర్చున్నాడు.

ఆ గోల... మళ్లీ వినిపించింది

2025లో ఎవర్స్ ప్రొఫెషనల్ ఆటకి వెళ్లాడు. ఆర్చ్ వంతు వచ్చింది. సీజన్ మొదలవకముందే టెక్సస్‌కి దేశంలో మొదటి ర్యాంకు ఇచ్చారు. ఆ యూనివర్సిటీ చరిత్రలో సీజన్‌కి ముందు ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. ఇతనే ఉత్తమ ఆటగాడవుతాడని ఆడకముందే రాసేశారు.

ఆగస్టు 30న ఒహాయో స్టేట్ మైదానంలో 14-7తో ఓటమి. రెండు వారాలకి సొంత స్టేడియంలో టెక్సస్ ఎల్‌పాసో మీద ఆట. బలహీనమైన జట్టు. కానీ ఆర్చ్ విసిరిన బంతులు ఒకదాని తర్వాత ఒకటి నేలపాలయ్యాయి. వరసగా పది! అప్పుడు వినిపించింది ఆ శబ్దం. సొంత అభిమానులే గోల పెట్టారు. ఆట గెలిచారు గానీ మర్నాడు మాట్లాడుకున్నది గోల గురించే. పేరు పెంచినవాళ్లే తుంచడం మొదలుపెట్టారు. అక్టోబర్‌లో ఫ్లోరిడాలో మరో ఓటమి.

ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడికి అది మామూలు మాట కాదు. కాకపోతే అలాంటి గోల ఆ ఇంటికి కొత్త కాదు. సంచులు తగిలించుకొచ్చిన జనం ముందు తాత ఏళ్లతరబడి ఆడాడు. మిసిసిపి కాదని టెనెసీకి వెళ్లినప్పుడు పెద్ద బాబాయిని సొంత రాష్ట్రం తిట్టిపోసింది. నాన్నకైతే గోల వినే భాగ్యమే దక్కలేదు.

తర్వాత జరిగింది ఒక్క రాత్రిలో తలరాత మారిన సినిమా కథ కాదు. మెల్లగా కుదురుకున్నాడు. అక్టోబర్ 11న పాత వైరి ఓక్లహోమాని 23-6తో ఓడించారు. నవంబర్‌లో జార్జియా చేతిలో 35-10తో చిత్తయ్యారు. మరో వారానికి ఆర్కన్సా మీద నాలుగు టచ్‌డౌన్‌లు విసిరి, ఒకటి పరుగెత్తి, ఒకటి అందుకుని చూపించాడు. నవంబర్ 28న అప్పటిదాకా ఓటమే ఎరగని టెక్సస్ ఎ అండ్ ఎం జట్టు ఆస్టిన్‌కి వచ్చింది. రాష్ట్రంలో ఇంతకి మించిన పగ లేదు. చివర్లో ఆర్చ్ తనే బంతి పట్టుకుని 35 గజాలు పరుగెత్తి గీత దాటాడు. 27-17. సెప్టెంబర్‌లో గోల చేసిన అదే స్టేడియం లేచి నిలబడింది.

అయినా ఛాంపియన్‌షిప్ పోటీలకి చోటు దక్కలేదు. డిసెంబర్ 31న సిట్రస్ బౌల్‌లో మిషిగన్‌ని 41-27తో ఓడించి పది గెలుపులు, మూడు ఓటములతో సీజన్ ముగించారు. మొదట అందరూ ఊహించినంత గొప్పా కాదు, సెప్టెంబర్‌లో తిట్టినంత అధ్వానమూ కాదు.

అప్పటికి అతను ప్రొఫెషనల్ ఆటకి వెళ్లడానికి అర్హుడే. కానీ 2026 సీజన్ కూడా టెక్సస్‌లోనే ఆడతాడని నాన్న కూపర్ చెప్పాడు. ఇంకో ఏడాది ఆగుతాడన్నమాట. కాలేజీలో ఒక్క ఆట కూడా ఆడలేకపోయిన ఆ తండ్రి, శనివారాలు ఆస్టిన్ స్టేడియంలో లక్షమంది మధ్య కూర్చుని కొడుకు విసిరే బంతి వైపు చూస్తుంటాడు.

ఆట అర్థం కావాలంటే...

* ఒక్కో జట్టుకి మైదానంలో 11 మంది. మైదానం పొడవు 100 గజాలు. చివర్లోని గీత దాటి బంతిని తీసుకెళ్తే టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు.

* బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. లేకపోతే బంతి అవతలి జట్టుకి.

* ప్రతి ప్రయత్నంలో బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికొస్తుంది. విసరాలా, పక్కవాడికివ్వాలా, తనే పరుగెత్తాలా... మీద పడబోయే భారీకాయుల్ని చూసుకుంటూ రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. అందుకే గెలిస్తే పేరంతా అతనికే. ఓడితే తిట్లన్నీ అతనికే.

* కాలేజీ సీజన్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబర్, జనవరి దాకా సాగుతుంది. ఆస్టిన్ వెళ్లేవాళ్లు ఆట చూడాలనుకుంటే టికెట్లు ముందే కొనుక్కోవాలి. దొరక్కపోయినా ఫర్వాలేదు, స్టేడియం చుట్టూ జరిగే శనివారం సంబరానికి టికెట్ అక్కర్లేదు.